మార్జిన్ లేని పట్టిక

క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో మన కృష్ణా తీరం ఉంది. అతను మైసోలియా అన్న సీమ మచిలీపట్నం చుట్టుపక్కల నేల. కొంటకోస్సైల అన్న రేవు ఘంటసాల అనీ, కొద్దూర అన్నది గూడూరు అనీ చరిత్రకారులు గుర్తించారు. ఆ గ్రంథంలో వర్ణనలు తక్కువ, పట్టికలు ఎక్కువ. ఊరి పేరు, దాని పక్కన రేఖాంశం, ఆ పక్కన అక్షాంశం. ఇలా సుమారు ఎనిమిది వేల చోట్లు వరసగా సాగుతాయి. ఇవాళ ఏదో ఒక ఆఫీసులో బోరుబావుల జాబితానో బడుల జాబితానో ఎక్సెల్‌లో పెడతారు. పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి, ఒక్కో అడ్డువరసను మ్యాపింగ్ సర్వీసుకు పంపి, ఈ చోటు ఏ మండలంలో ఉంది, దీనికి దగ్గరి రోడ్డు ఏది అని అడుగుతారు. ఆ పనికి తొలి నమూనా టాలెమీ పట్టికే. ఈ రెంటి నడుమ గడిచిన పద్దెనిమిది వందల యేళ్లకు పైబడిన చరిత్రను చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. చోటును అంకెగా కొలిచేటప్పుడు జరిగిన నష్టం కన్నా, ఆ అంకెను ఒక పట్టిక నుంచి ఇంకో పట్టికలోకి మార్చేటప్పుడు జరిగిన నష్టమే ఎక్కువ. పాతకాలపు గణకులు ఈ ప్రమాదాన్ని ఎరిగినవాళ్లు కాబట్టి అంకెతో పాటు దాని షరతులను పట్టిక అంచున రాసి ఉంచేవారు. మన స్ప్రెడ్‌షీట్లు ఆ అంచును పోగొట్టుకున్నాయి.

టాలెమీ ఘంటసాలకు రాలేదు. రేవుకూ రేవుకూ నడుమ దూరాన్ని నావికులు రోజుల లెక్కన చెబితే దాన్ని గ్రీకుల దూరపు కొలత అయిన స్టేడియాల్లోకి, స్టేడియాల నుంచి డిగ్రీల్లోకి మార్చుకున్నాడు. ఆ మార్పిడికి కావలసింది ఒక్క నిష్పత్తి, ఒక డిగ్రీకి ఎన్ని స్టేడియాలని. ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత 2,52,000 స్టేడియాలన్నాడు, అంటే డిగ్రీకి 700. టాలెమీ 1,80,000 తీసుకున్నాడు, అంటే డిగ్రీకి 500. దూరం మారలేదు, భాగించే అంకె చిన్నదైంది, డిగ్రీలు పెరిగిపోయాయి. మధ్యధరా సముద్రం పొడవు నిజానికి 42 డిగ్రీల లోపే ఉండగా అతని పట్టికలో 62 డిగ్రీలైంది. ప్రయాణికులు దూరాలను పెంచి చెప్పడమూ ఇందుకు కొంత కారణం కావచ్చు. అయినా తూర్పు పడమరలుగా ప్రపంచమంతా ఒకే తీరుగా సాగిపోవడానికి పెద్ద కారణం ఆ నిష్పత్తే. టాలెమీ తన నిష్పత్తి ఏమిటో పుస్తకంలో చెప్పాడు కాబట్టి, తర్వాతి కాలపు పండితులు తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేయగలిగారు. చెప్పకుండా ఒట్టి పట్టిక వదిలి ఉంటే అవి దిద్దడానికి వీలులేని అంకెలై మిగిలేవి.

మన దేశంలో ఇదే పని పంచాంగకర్తల చేతుల్లో జరిగింది. సూర్యసిద్ధాంతం లంక నుంచి ఉజ్జయిని, కురుక్షేత్రాల మీదుగా మేరువుకు గీసిన రేఖను మూలంగా పెట్టుకుంది. గ్రహాల స్థానాలన్నీ ఆ రేఖ మీది అర్ధరాత్రికి లెక్కకట్టి ఉంటాయి. రాజమండ్రిలోనో శ్రీకాకుళంలోనో పంచాంగం రాసే సిద్ధాంతి వాటిని తన ఊరికి మార్చుకోవాలి. దానికే దేశాంతర సంస్కారమని పేరు. ఊరికీ మూలరేఖకూ నడుమ ఉన్న యోజనాలను గ్రహం రోజువారీ గతితో హెచ్చించి, ఆ ఊరి అక్షాంశం దగ్గరి భూపరిధితో భాగించి, ఊరు తూర్పున ఉంటే తీసివేయాలి, పడమట ఉంటే కలపాలి. భూపరిధి అని ఊరుకోకుండా ఆ అక్షాంశం దగ్గర ఎంత ఉంటుందో అంత తీసుకోమనడం గమనించదగ్గది. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాల మధ్య దూరం తగ్గుతుందన్న ఎరుక అందులో ఉంది. ఇవాళ పైథాన్‌లో రెండు చోట్ల మధ్య దూరం లెక్కకట్టేటప్పుడు రేఖాంశాల తేడాను అక్షాంశపు కొసైన్‌తో హెచ్చించేది కూడా ఇందుకే. ఇక్కడా యోజనం అన్న కొలత అన్ని గ్రంథాల్లో ఒకటి కాదు. సూర్యసిద్ధాంతంలో భూమి వ్యాసం 1600 యోజనాలు, ఆర్యభటీయంలో 1050. ఒక గ్రంథపు యోజనాలను తెచ్చి ఇంకో గ్రంథపు భూపరిధితో భాగిస్తే తిథే తప్పిపోతుంది. అందుకే సిద్ధాంతి ఏ సిద్ధాంతాన్ని అనుసరించి గణించాడో పంచాంగం మొదట్లోనే చెప్పుకునేవాడు. ఆ ఆనవాయితీ నేటికీ ఉంది.

నేల విషయంలో మనవాళ్లు చాలాకాలం అంకెల జోలికే పోలేదు. తామ్రశాసనాల్లో దానమిచ్చిన ఊరి ఎల్లలను తూర్పున ఫలానా పుట్ట, దక్షిణాన ఫలానా వాగు, పడమట ఫలానా చింతచెట్టు అని దిక్కు వెంట దిక్కుగా చెక్కించారు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫియత్తుల్లో అదే ధోరణి కనిపిస్తుంది. క్రయదస్తావేజుల్లో సర్వే నంబరు ఎంత పెద్దగా ఉన్నా, కింద నాలుగు హద్దులూ రాయందే రిజిస్ట్రేషను కాదు. ఈ పద్ధతిలో స్థూలత్వం ఉంది, చెట్టు కూలితే హద్దు పోతుంది. కానీ తన ఆధారాన్ని తనతోనే మోసుకుపోయే గుణం ఉంది. చింతచెట్టు ఏదని ఊళ్లో అడగవచ్చు. అంకెకు ఆ గుణం పుట్టుకతో రాదు. 17.385 అన్నది ఏ మూలరేఖ నుంచి, ఏ గోళం మీద, ఏ కొలతలో అన్నది ఆ అంకెను ఎంత తేరిపార చూసినా తెలియదు. ఎవరో పక్కన రాసిపెట్టాలి.

రాసిపెట్టడాన్ని ఒక వృత్తిధర్మంగా నిలబెట్టినవాళ్లు త్రికోణమితి సర్వే మనుషులు. విలియం ల్యాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. నూరడుగుల ఉక్కు గొలుసు ఎండకు సాగుతుంది కాబట్టి దాన్ని కర్రపెట్టెల్లో పరిచి, థర్మామీటర్లు పెట్టి, ఏ వేడి దగ్గర ఏ కొలత వచ్చిందో నమోదు చేసి, తర్వాత అన్నిటినీ ఒకే ఉష్ణోగ్రతకు సరిచేశాడు. అక్కడి నుంచి త్రికోణాలు అల్లుకుంటూ ఉత్తరానికి వచ్చారు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర కొత్త ఆధారరేఖలు కొలిచారు. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరాన పడి చావు తప్పించుకున్న జార్జ్ ఎవరెస్టు, 1823లో ల్యాంబ్టన్ పోయాక ఆ పనిని అందుకున్నాడు. మధ్యభారతంలో సిరోంజి దగ్గరి కల్యాణ్‌పూర్‌ను మూలబిందువుగా పెట్టి, అప్పటిదాకా కొలిచిన భూభాగానికి బాగా ఒదిగే ఒక గోళాభాన్ని, అంటే భూమి ఆకారానికి ఒక గణిత నమూనాను, 1830లో నిర్ధారించాడు. మన దేశపు టోపోషీట్లు తరతరాలుగా దాని మీదే తయారయ్యాయి. ఆ గోళాభం భారత భూభాగానికి ఒదుగుతుంది. అమెరికాకు ఒదగదు, ఒదగాలని ఎవరూ కోరలేదు. పటం మార్జిన్‌లో ఆ సంగతి ఉండేది.

మద్రాసు అబ్జర్వేటరీ కథ ఈ వాదానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం. నుంగంబాకంలో 1792లో కట్టిన ఆ భవనపు రేఖాంశం మీద సర్వే రేఖాంశాలన్నీ ఆధారపడ్డాయి. గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలను చూసి, గ్రీన్విచ్ కాలంతో పోల్చి, దాని స్థానం తేల్చారు. పందొమ్మిదో శతాబ్దపు తొలి పాదంలో సర్వే తీసుకున్న విలువ తూర్పు 80°17'21". శతాబ్ది చివర్లో టెలిగ్రాఫు తీగల మీద గడియారాలను పోల్చి చూస్తే అసలు విలువ దానికన్నా సుమారు రెండున్నర నిమిషాలు తక్కువని తేలింది. మన అక్షాంశాల దగ్గర అది నేల మీద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. దేశమంతటి పటాలు నాలుగు కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఉన్నాయన్నమాట. అయినా గగ్గోలు పుట్టలేదు. ఊళ్ల మధ్య దూరాలు, దిక్కులు సరిగ్గా ఉన్నాయి, పటమంతా ఒక్కపెట్టున జరిగింది అంతే. ప్రతి షీటు మీదా మద్రాసు రేఖాంశం ఎంతగా తీసుకున్నదీ అచ్చువేసి ఉంది కాబట్టి దిద్దుబాటు ఎంతో ఎవరైనా చూసుకోవచ్చు. రైళ్లకు వాడిన మద్రాసు కాలం గ్రీన్విచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. దాన్ని డిగ్రీల్లోకి మారిస్తే 80°18'30" వస్తుంది. ఒకే కట్టడానికి పటంలో ఒక రేఖాంశం, రైల్వే గడియారంలో ఇంకొకటి. 1906 జనవరి 1న అన్నవరం, తుని మధ్యగా పోయే 82°30' రేఖ మీద భారత ప్రామాణిక కాలం వచ్చాక ఈ రైల్వే గడియారపు గొడవ తీరింది.

ఎవరెస్టు గోళాభం మార్పిడి వల్ల ఎన్ని రూపాలెత్తిందో కూడా చూడాలి. అతను భూమి అర్ధవ్యాసాన్ని అడుగుల్లో చెప్పాడు. తర్వాతి కాలంలో దాన్ని మీటర్లలోకి మార్చాల్సి వచ్చింది. అడుగుకు ఎన్ని మీటర్లన్న నిష్పత్తిని ఒక్కోచోట ఒక్కో విధంగా తీసుకున్నారు. ఒక లెక్కలో 6377276.345 మీటర్లు వచ్చింది, మరో లెక్కలో 6377301.243. మలేసియాలో ఇంకొకటి. ఎవరెస్టు కొలిచిన భూమి ఒక్కటే, అతని పుస్తకంలోని అంకె ఒక్కటే. అయినా ఇవాళ కో-ఆర్డినేట్ల కోశాల్లో అరడజనుకు తక్కువ కాకుండా ఎవరెస్టు గోళాభాలున్నాయి. మొదటి రెంటికీ తేడా 25 మీటర్లు, వెయ్యి కిలోమీటర్ల పటం మీద నాలుగు మీటర్ల దాకా తేలుతుంది. కొండలెక్కి అడవులు దాటి జ్వరాలతో చచ్చి బతికి సాధించిన కచ్చితత్వాన్ని ఒక గుణకారం ఎంత తేలిగ్గా చెదరగొట్టగలదో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూడి గ్రీన్విచ్‌ను మూలరేఖగా ఒప్పుకున్నాయి. ఇరవైరెండు దేశాలు ఔనన్నాయి, ఒకటి కాదంది, ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. అక్కడితో మూలం స్థిరపడిందనుకుంటాం. కానీ ఇవాళ గ్రీన్విచ్ అబ్జర్వేటరీలో ఆ ఇత్తడి గీత మీద జీపీఎస్ పట్టుకుని నిలబడితే సున్నా చూపదు. సున్నా రేఖ అక్కడికి 102 మీటర్లు తూర్పున ఉంది. పాత ఖగోళజ్ఞులు తూకపు దారం చూపే నిలువును నమ్మారు, అది స్థానిక గురుత్వాకర్షణను బట్టి కొంచెం ఒరుగుతుంది. ఉపగ్రహాలు భూమి ద్రవ్యకేంద్రాన్ని నమ్ముతాయి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 పద్ధతిలో అర్ధవ్యాసం 6378137 మీటర్లు, ఎవరెస్టు గోళాభం కన్నా ఎనిమిది వందల మీటర్లకు పైగా పెద్దది, కేంద్రమూ వేరు. కాబట్టి పాత టోపోషీటులో చదివిన హైదరాబాదు చుట్టుపక్కల బిందువును ఉన్నదున్నట్టు జీపీఎస్ పటం మీద పెడితే వంద మీటర్లకు పైబడి పక్కకు పడుతుంది. 2005 జాతీయ పటాల విధానం పౌరుల వాడుకకు డబ్ల్యూజీఎస్-84 మీద ప్రత్యేక పటాలను తయారుచేయించింది. అంతకుముందు తరాల గనుల పటాలు, అటవీ పటాలు, నీటిపారుదల పటాలు మాత్రం ఎవరెస్టు లెక్కలోనే బీరువాల్లో ఉన్నాయి. వాటిలోని అంకెలను ఇప్పుడు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నారు.

ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. హైదరాబాదు నడిబొడ్డున ఒక బిందువు ఉత్తరం 17°23'06", తూర్పు 78°29'12" అనుకుందాం. మ్యాపింగ్ సర్వీసు దశాంశ డిగ్రీలు అడుగుతుంది. 23ని 60తో, 6ని 3600తో భాగించి 17కు కలిపితే 17.385 వస్తుంది. రేఖాంశం 78.4867. తొందరలో ఉన్న గుమస్తా చుక్క పెట్టి 17.2306, 78.2912 అని కొడితే, రెండూ చూడ్డానికి నిఖార్సైన దశాంశాలే, కానీ బిందువు నైరుతి దిక్కుగా 27 కిలోమీటర్లు జరిగి నగరం దాటిపోతుంది. ఇంకొకరు డిగ్రీ గుర్తు కీబోర్డు మీద దొరక్క 17:23:06 అని కొడతారు. ఎక్సెల్ దాన్ని సాయంత్రం ఐదు గంటల ఇరవైమూడు నిమిషాలుగా అర్థం చేసుకుని, రోజులో అది ఎంత భాగమో లెక్కగట్టి 0.724375గా దాచుకుంటుంది. 78:29:12 అని కొడితే 1900 జనవరి 3, ఉదయం 6:29:12 అవుతుంది. ఆ ఫైలును పైథాన్ చదివినప్పుడు అక్షాంశాల వరసలో వేళలు, రేఖాంశాల వరసలో తేదీలు బయటపడతాయి. ఇక్కడ ఒక విశేషముంది. 0.724375ను 24తో హెచ్చిస్తే 17.385 సరిగ్గా తిరిగొస్తుంది. గంటకూ డిగ్రీకీ అరవై భాగాలు చేసింది ఒకే బాబిలోనియా సంప్రదాయం కాబట్టి పోయిన అక్షాంశం గడియారం దారిన మళ్లీ దొరుకుతుంది. అయితే ఆ వరసలో ఉన్నది వేళ కాదు, కోణమని తెలిసినవాడికే ఆ దారి కనపడుతుంది. జీపీఎస్ పరికరాలు పంపే వరసలో ఇదే అక్షాంశం 1723.1000 అని ఉంటుంది. మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగతావి నిమిషాలు. చుక్కను రెండు స్థానాలు ముందుకు జరిపితే చాలనుకుని 17.231 అని రాసుకునేవారి బిందువు కూడా మళ్లీ నగరం దాటిపోతుంది.

ఏ అంకె ముందు అన్నది మరో చిక్కు. టాలెమీ రేఖాంశాన్ని ముందు రాశాడు. నావికులు అక్షాంశాన్ని ముందు రాశారు. ధ్రువనక్షత్రం ఎత్తు చూస్తే అక్షాంశం ఆ రాత్రే తెలుస్తుంది, రేఖాంశం కోసం పద్దెనిమిదో శతాబ్దం దాకా ఆగాల్సివచ్చింది, కాబట్టి వాళ్ల వరస వాళ్లకు సహజం. గణితజ్ఞులకు అడ్డం ముందు, నిలువు తర్వాత, అంటే మళ్లీ రేఖాంశమే ముందు. 1983లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6709 నావికుల పక్షాన నిలిచింది. 2016లో మ్యాపు ఫైళ్లకు వాడే జియోజేసన్ ప్రమాణం గణితజ్ఞుల పక్షాన నిలిచింది. గూగుల్ మ్యాప్స్‌ను అడిగేటప్పుడు అక్షాంశం ముందు పెట్టాలి, ఓఎస్ఆర్ఎమ్ అనే దారులు చూపే సర్వీసును అడిగేటప్పుడు రేఖాంశం ముందు పెట్టాలి. హైదరాబాదును తిరగేస్తే ఉత్తరం 78.4867, తూర్పు 17.385 అవుతుంది. అది ధ్రువప్రాంతంలో నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపం. విజయవాడను తిరగేస్తే ఆ ద్వీపానికీ ఉత్తరాన మంచుసముద్రంలో తేలుతుంది. సర్వీసు మాత్రం తప్పని చెప్పదు. అక్షాంశం 90 లోపు ఉంటే చెల్లుతుంది, తెలుగునేల రేఖాంశాలన్నీ 76కూ 85కూ మధ్యనే. అదే డల్లాస్‌లోని తెలుగువారి గుడి చిరునామానైతే, రేఖాంశం దాదాపు మైనస్ 96.8 కాబట్టి, తిరగేసిన మరుక్షణం సర్వీసు తిప్పికొడుతుంది. ఒకే పొరపాటు టెక్సాస్‌లో వెంటనే దొరుకుతుంది, తెలంగాణలో నోరెత్తకుండా దాటిపోతుంది. మన వైపు పనిచేసేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండడానికి ఇదొక్క కారణం చాలు.

మైనస్ గుర్తుతో దీనికి వ్యతిరేకమైన కథ నడుస్తుంది. డిగ్రీలకు నిమిషాల భాగం కలపాలని రాసిన పైథాన్ ఫంక్షను ఆదిలాబాదు నుంచి చిత్తూరు దాకా యేళ్ల తరబడి సరిగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే ఇక్కడ రెండూ ధనసంఖ్యలే. దానికి డల్లాస్ రేఖాంశం మైనస్ 96 డిగ్రీల 48 నిమిషాలు ఇవ్వండి. మైనస్ 96కు 0.8 కలిపి మైనస్ 95.2 అంటుంది. రావలసింది మైనస్ 96.8. బిందువు 150 కిలోమీటర్లు తూర్పుకు పోయింది. గుర్తును పక్కన పెట్టి ముందు మొత్తం కట్టి, చివర గుర్తు తగిలించాలి. పంచాంగకర్త తూర్పున తీసివేత, పడమట కూడిక అని సూత్రంలోనే వేరుచేసి చెప్పుకున్నది సరిగ్గా ఈ మెలిక గురించే.

ఇదంతా పాతకాలపు చాదస్తమనీ, ఇప్పుడు లైబ్రరీలు ఉన్నాయనీ అనేవారు ఉంటారు. నిజమే, అమెరికా భూగర్భ సర్వే సంస్థలో జెరాల్డ్ ఎవెండెన్ 1980ల్లో మొదలుపెట్టిన ప్రోజ్, దాని పైథాన్ రూపం పైప్రోజ్, ఎవరెస్టు లెక్క నుంచి డబ్ల్యూజీఎస్-84కు ఒక్క లైనులో మారుస్తాయి. ఆ గణితాన్ని చేత్తో చేయమని ఎవరూ అనరు. కానీ ఆ ఒక్క లైనులో మూలపద్ధతి ఏదో మనమే చెప్పాలి, అరడజను ఎవరెస్టుల్లో ఏదో మనమే ఎంచాలి. ఆ సమాచారం స్ప్రెడ్‌షీటులో లేకపోతే లైబ్రరీ దాన్ని పుట్టించలేదు. పైగా లైబ్రరీలకూ చరిత్ర ఉంది. 2019లో వచ్చిన ప్రోజ్ 6 నుంచి ప్రతి పద్ధతికీ అధికారికంగా ఉన్న వరసనే అది పాటించడం మొదలుపెట్టింది. డబ్ల్యూజీఎస్-84కు ఆ వరస అక్షాంశం ముందు. అప్పటిదాకా రేఖాంశం ముందు ఇస్తూ వచ్చిన ప్రోగ్రాముల్లో ఒక్క అక్షరం మారకుండానే జవాబులు తారుమారయ్యాయి. ఎప్పుడూ రేఖాంశమే ముందని గట్టిగా చెప్పడానికి పైప్రోజ్‌లో ఒక ప్రత్యేక మీట పెట్టవలసివచ్చింది. ఆ మార్పు సిద్ధాంతరీత్యా సరైనదే అని నా అభిప్రాయం. పాత అలవాటు ఎక్కడా రాసిపెట్టి లేనందువల్లే అది అంతమందిని ఇబ్బంది పెట్టింది.

ఇంకొక అభ్యంతరం దీనికన్నా బరువైనది. వంద మీటర్ల తేడా ఎవరికి ముఖ్యం, పార్సిలు తెచ్చిన కుర్రాడు ఫోను చేసి కనుక్కుంటాడు, బస్టాపు ఎదురుగానే కనిపిస్తుంది అంటారు. పార్సిలు విషయంలో ఒప్పుకుంటాను. కానీ స్ప్రెడ్‌షీట్లలో ఉన్నవి పార్సిళ్లే కావు. ఎకరం నేలను చదరంగా పరిస్తే ఒక్కో పక్క 64 మీటర్లకు మించదు. వంద మీటర్లు జరిగిన బిందువు ఆ రైతు పొలంలో ఉండదు, పక్కవాడి పొలంలో, ఒక్కోసారి వాడి పక్కవాడి పొలంలో ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భూమి రికార్డులు కంప్యూటర్లలోకి వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో, ఉపగ్రహ కేంద్రాలతో రీసర్వే సాగింది. కొత్త కొలతలు సెంటీమీటర్ల దాకా వస్తున్నాయి. వాటిని పాత పటాలతో, పాత జాబితాలతో పోల్చే ఘట్టంలో ఈ వంద మీటర్లు ఎక్కడ దూరినా పరిహారం ఒకరికి బదులు ఒకరికి పోతుంది, చెరువు శిఖం పట్టా భూమిలో పడుతుంది. సరిహద్దు తగాదాలతో తరాలు గడిపిన ఊళ్లకు ఇది చిన్న సంగతని ఎవరు చెప్పగలరు?

సర్వేవాళ్ల దగ్గర నేర్చుకోదగ్గ పద్ధతి ఒకటి మిగిలి ఉంది. త్రికోణాల మీద త్రికోణాలు కట్టుకుంటూ వందల మైళ్లు వచ్చాక వాళ్లు తమ లెక్కను నమ్మి ఊరుకోలేదు. మద్రాసు నుంచి లెక్కతో తేలిన పొడవు సరైనదో కాదో బెంగుళూరు దగ్గర నేల మీద మళ్లీ కొలిచి చూసుకున్నారు, తేడా కొద్ది అంగుళాలే వచ్చింది. గుత్తిలోనూ బీదరులోనూ కొత్త రేఖలు కొలిచిన ఉద్దేశం కూడా అదే. ఈ తనిఖీని స్ప్రెడ్‌షీటుకు తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. అంకెల నిలువువరసల పక్కన మరో నాలుగు వరసలు తెరిచి, మూలపద్ధతి, కొలత రూపం, ఏ పటం లేదా ఏ పరికరం నుంచి తీసుకున్నది, ఎప్పుడు అన్నవి నింపాలి. మార్చిన అంకెలను పాత గడుల మీద రుద్దకుండా, పక్కన వేరే గడుల్లో ఉంచాలి. జాబితా తలలో స్థానం ఖాయంగా తెలిసిన బిందువులు రెండు మూడు పెట్టి, ముందు వాటినే సర్వీసుకు పంపాలి. చార్మినార్ 17.3616, 78.4747 దగ్గర ఉండాలి. దానితో పాటు పడమటి అర్ధగోళంలోని బిందువు ఒకటి, పాత టోపోషీటు నుంచి తీసుకున్న కొండశిఖరం ఒకటి చేరిస్తే, వరస తారుమారైనా, గుర్తు తప్పినా, గోళాభం కలవకపోయినా, మిగతా వేల వరసలు బయలుదేరకముందే తెలిసిపోతుంది.